రేడియో మీద కుంకుమ చుక్క

ఆదివారం పొద్దున్నే ఆబిడ్సు వెళ్ళడం నాకున్న దురలవాట్లలో వొకటి. ఆ రోజు దుకాణాలు మూసి వుంటాయి కనుక వాటి ముందు పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఇంట్లో పెట్టడానికి చోటు లేదు మొర్రో అని మావారు మొత్తుకుంటున్నా, వెళ్ళిన ప్రతిసారీ రెండో మూడో సంచీలో వేసుకు రాకుండా వుండలేను. అలా ఆ మధ్య వో పాత వంటల పుస్తకం కొన్నాను. ఇంటికొచ్చి తెరిస్తే ఆవకాయకీ మాగాయకీ మధ్య చిన్న పుస్తకం వొకటి జారి పడింది. అట్ట చిరిగిపోయింది. లోపల ఏడాదికొకటి చొప్పున స్టాంపులు, వాటి మీద పోస్టాఫీసు ముద్రలు, పైన ఎవరో పెద్దమనిషి పేరు, కింద నాంపల్లి అడ్రసు. రేడియో లైసెన్సు!

ఈ కాలం పిల్లలకి చెబితే నవ్వుతారు. రేడియో వినడానికి లైసెన్సేమిటి అని! కానీ ఎనభయ్యో దశకందాకా మన దేశంలో రేడియో వున్న ప్రతి ఇంటివారూ ఏటేటా పోస్టాఫీసుకి వెళ్ళి రుసుం కట్టి, ఆ పుస్తకంలో స్టాంపు అంటించుకు రావలసిందే. ఆ ముద్రలు చూస్తూ వుంటే నాంపల్లిలో మా అమ్మమ్మ వాళ్ళ వసారా, అందులో గూట్లో కూర్చున్న పెద్ద వాల్వు రేడియో కళ్ళకి కట్టాయి. ఆ ఇంట్లోనూ ఇలాంటి పుస్తకం వుండేది. లైసెన్సు తాతయ్య పేరున వుండేది. రేడియో చెవి తాతయ్య చేతిలో వుండేది. అమ్మమ్మకి మిగిలింది, వంటింట్లోంచి వినబడినంత వినడం.

రేడియో చరిత్ర రాసేవాళ్ళు స్టేషన్ల గురించి రాస్తారు. ఎప్పుడు పెట్టారు, ఎన్ని కిలోవాట్లు, ఎవరు ప్రారంభించారు అని. నాకేమో, ఆ చెవి ఎప్పుడు ఎవరి చేతిలో వుంది అన్నదే అసలు చరిత్ర అనిపిస్తుంది. ఆ సంగతి ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మా అక్క కొడుకు ఈమధ్య వో షార్టువేవు రిసీవరు తెచ్చి, దానికి చెవి అవసరమే లేకుండా చేశాడు. ఆ ముచ్చట చెప్పేముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి. ఎంతో దూరం కాదు, పుస్తకాలు కొన్న చోటునుంచి నాలుగడుగులే.

ఆబిడ్సులో చిరాగ్ అలీ లేన్ మీలో చాలామందికి తెలిసే వుంటుంది. నిజాం కొలువులో పెద్ద ఉద్యోగం చేసిన పండితుడు మౌల్వీ చిరాగ్ అలీ పేరున వచ్చిన సందు అది. చిరాగ్ అంటే దీపం. హైదరాబాదులో రేడియో దీపం వెలిగింది కూడా ఆ సందులోనే. 1933లో మహబూబ్ అలీ అనే ఆయన అక్కడ 200 వాట్ల ట్రాన్స్‌మిటరుతో ప్రసారాలు మొదలుపెట్టాడు. 200 వాట్లంటే ఎంతనుకున్నారు? మన వంటింటి మిక్సీ అంతకు రెండింతలు తింటుంది! 1935 ఫిబ్రవరి 3 నుంచి నిజాం ప్రభుత్వం దాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. అదే దక్కన్ రేడియో. ముఖ్యంగా ఉర్దూ, పక్కన కాస్త తెలుగు, మరాఠీ, కన్నడం. తరవాత సరూర్‌నగరులో 5 కిలోవాట్ల ట్రాన్స్‌మిటరు నిలబెట్టారు. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణిలో కలిసిపోయింది.

ఆ రోజుల్లో రేడియో అంటే నగలతో సమానం. ఉన్నవాళ్ళ ఇంట్లో వుంటే వాడవాడంతా వాళ్ళ అరుగుమీద చేరేవారు. 1948 సెప్టెంబరు 17న, పోలీసు చర్య ముగిసిన సాయంత్రం, నిజాం నవాబు స్వయంగా రేడియోలో మాట్లాడాడు. అప్పటికి అమ్మమ్మ కొత్త కోడలు. వాళ్ళ ఇంట్లో ఇంకా రేడియో లేదు. పక్కింటి హాల్లో మగవాళ్ళంతా రేడియో చుట్టూ నిలబడితే, ఆడవాళ్ళు తలుపు చాటున నిలబడ్డారట. "మాటలు సరిగా వినబడలేదే. మీ తాతయ్య మొహం చూసి, ఇక యుద్ధం లేదన్నమాట అనుకున్నాను" అని చెప్పేది. చరిత్రంతా రేడియోలోంచి వస్తూంటే, ఆడవాళ్ళు దాన్ని మగవాళ్ళ మొహాల మీద చదువుకున్నారు!

అందరూ అలా తలుపు చాటునే వుండిపోయారనుకునేరు. అంతకు ఆరేళ్ళ ముందు, 1942 క్విట్ ఇండియా రోజుల్లో, బొంబాయిలో ఉషా మెహతా అనే ఇరవై రెండేళ్ళ అమ్మాయి ఏకంగా స్టేషనే నడిపింది. కాంగ్రెస్ రేడియో అని పేరు. 42.34 మీటర్ల మీద, షార్టువేవులో. పోలీసులు పట్టుకుంటారని ట్రాన్స్‌మిటరుని ఇల్లిల్లూ మార్చేవారు. ఆగస్టులో మొదలైన ఆ గొంతుని నవంబరు 12న పోలీసులు పట్టుకోగలిగారు. ఆవిడ నాలుగేళ్ళు జైల్లో వుంది.

ఆ 42.34 మీటర్లనే మాటలో షార్టువేవు రహస్యమంతా వుంది. రేడియో అల పొడుగు మీటర్లలో చెబుతారు. 300ని ఆ మీటర్లతో భాగిస్తే మెగాహెర్ట్జులు వస్తాయి. అంటే ఉషా మెహతా స్టేషను సుమారు 7 మెగాహెర్ట్జుల దగ్గర వుండేదన్నమాట. మీడియం వేవు అల నేలని పట్టుకుని నడిచి, కొంత దూరం పోయి అలిసిపోతుంది. షార్టువేవు అలా కాదు. ఆకాశంలో వంద నుంచి మూడొందల కిలోమీటర్ల ఎత్తున, ఎండ తగిలి విద్యుత్తు పట్టిన గాలిపొర వుంటుంది. ఈ అల దానికి తగిలి, గోడకి కొట్టిన బంతిలా తిరిగి నేలకి దిగుతుంది. మళ్ళీ లేస్తుంది, మళ్ళీ దిగుతుంది. అలా సముద్రాలు దాటిపోతుంది. పగలు కొన్ని మీటర్లు బాగా పలుకుతాయి, రాత్రి మరికొన్ని. 25 మీటర్లు పగటికి మంచిది. 41 మీటర్లకి సందెవేళ దాటితే గొంతు పెగులుతుంది.

అలా సముద్రం దాటి మన వంటిళ్ళలోకి వచ్చిన పెద్ద చుట్టం రేడియో సిలోను. కొలంబో దగ్గర ఏకలలో బ్రిటిషు సైనికుల కోసం పెట్టిన 100 కిలోవాట్ల షార్టువేవు ట్రాన్స్‌మిటరు, యుద్ధం అయ్యాక సిలోను ప్రభుత్వం చేతికొచ్చింది. ఇక్కడ 1952లో సమాచార మంత్రి అయిన కేస్కరుగారికి సినిమా పాటలంటే గిట్టదు. శాస్త్రీయ సంగీతం విని దేశం బాగుపడాలని ఆయన కోరిక. ఆకాశవాణిలో సినిమా పాట బిక్కుబిక్కుమంటూ మూల కూర్చుంటే, దేశం దేశమంతా ముల్లు తిప్పి సిలోనుకి వలసపోయింది. ఆ ఏడాదే అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా మొదలైంది. తెలుగు పాటలకీ అక్కడ చోటుండేది. మీనాక్షీ పొన్నుదురైగారు తెలుగులో పలకరిస్తూంటే, ఆవిడ సముద్రం అవతల కాదు, పక్కింట్లోనే వున్నట్టుండేదట. మన ప్రభుత్వం తేరుకుని 1957 అక్టోబరు 3న వివిధభారతి మొదలెట్టేదాకా సిలోనుదే రాజ్యం.

మరి మా ఇంట్లో? 1950ల్లో తాతయ్య వాల్వు రేడియో కొన్నాడు. నాంపల్లి స్టేషనులో ఉద్యోగం ఆయనది. వసారా ఈ చివర్నుంచి ఆ చివరికి జల్లెడలా అల్లిన ఏరియల్ తీగ కట్టించాడు. పొద్దున వార్తలు, రాత్రి వార్తలు. అవయ్యాక చెవి మెలిపెట్టి ఆపేసేవాడు. ఇంకెవరూ ముట్టుకోకూడదు. ముల్లు కదిలితే మళ్ళీ స్టేషను దొరకడం కష్టమని ఆయన భయం. అందులో కొంత నిజం లేకపోలేదు. ఆ రేడియోల్లో 25 మీటర్ల బ్యాండంతా కలిపి అద్దం మీద అరంగుళం జాగా. ఆ అరంగుళంలోనే ప్రపంచంలోని స్టేషన్లు డజన్లకొద్దీ భుజాలు రాసుకుంటూ నిలబడేవి. వెంట్రుకవాసి తిప్పితే సిలోను పోయి ఏ చైనానో పలికేది.

తాతయ్య డ్యూటీకి వెళ్ళాక, మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక, అమ్మమ్మ ఆ రేడియో పెట్టేది. ఊపిరి బిగబట్టి ముల్లుని తిప్పి తిప్పి, గరగరల్లోంచి సిలోనుని బయటికి లాగేది. వొకసారి దొరికిన చోటు రేపు దొరకాలిగా! అందుకని శుక్రవారం పూజనాడు కుట్టుమిషనుకీ, బీరువాకీ, గుమ్మానికీ పసుపు కుంకుమ పెట్టే చేత్తోనే, కాస్త మైనం రాసి రేడియో అద్దం మీదా వొక కుంకుమ చుక్క పెట్టింది. సరిగ్గా సిలోను పలికే చోట! లక్ష్మీదేవికి పెట్టిన బొట్టుని ఎవరు తప్పు పడతారు? తాతయ్య వచ్చే వేళకి ముల్లు మళ్ళీ ఆయన వార్తల దగ్గరే బుద్ధిగా కూర్చుని వుండేది.

ఆ రేడియో ఏనాడో పోయింది. అద్దం మాత్రం అమ్మ దాచింది. చుక్క మరక ఇంకా లేతగా కనిపిస్తుంది.

ఇక మా వాడి సంగతి. ఇంజనీరింగు అయింది, నాంపల్లిలోనే అయిదో అంతస్తులో కాపురం. "పిన్నీ, రేడియో చూద్దువుగాని రా" అంటే వెళ్ళాను. బల్ల మీద టిఫిన్ డబ్బా అంత నల్లపెట్టె. దాని చెవులు ముట్టుకోలేదు వాడు. పెట్టెలోంచి వొక తీగ కంప్యూటరులోకి వెళ్ళింది. కంప్యూటరు తెర మీద బొమ్మలు లేవు, బొత్తాలు లేవు. నల్లటి తెర, వొక మూల మిణుకుమిణుకుమంటున్న చిన్న గీత.

"ఏ స్టేషను కావాలో చెప్పు."

"చెబితే?"

"వొక లైను రాస్తాను. అది వింటుంది."

ఎఫ్ అనే అక్షరం కొట్టి, పక్కన అంకెలు వేసి, ఎంటరు నొక్కాడు. పెట్టె మీది అంకెలు వాటంతట అవే మారిపోయాయి. ఎవరూ ముట్టుకోకుండా రేడియో పలికింది. నాకు వొళ్ళు జలదరించిందంటే నమ్మండి.

దీన్ని కమాండ్ లైను అంటారట. నాకు మాత్రం టెలిగ్రాం గుర్తొచ్చింది. 2013 జూలైలో ఆగిపోయేదాకా మనం టెలిగ్రాం ఎలా రాసేవాళ్ళం? ఉపోద్ఘాతం లేదు, క్షేమసమాచారం లేదు, మాటకింత రుసుము కనుక నాలుగు మాటల్లో పని చెప్పేవాళ్ళం. ఇదీ అంతే. పెద్ద ఎఫ్ అంటే ఫలానా చోటికి వెళ్ళు అని ఆజ్ఞ. చిన్న ఎఫ్ అంటే ఇప్పుడెక్కడున్నావు అని ప్రశ్న. ఎమ్ అంటే ఏ పద్ధతిలో వినాలో చెప్పడం. అంకెలు మాత్రం హెర్ట్జుల్లో ఇవ్వాలి. 11.8 మెగాహెర్ట్జులు కావాలంటే కోటీ పద్ధెనిమిది లక్షలు అని రాయాలి. పెళ్ళి ఖర్చులా వుంది కదూ!

ఇది వొక్కరోజున ఊడిపడింది కాదు. ఎనభయ్యో దశకంలో జపాను కంపెనీలు రిసీవర్ల వెనక కంప్యూటరు తీగ పెట్టుకునే రంధ్రం ఇవ్వడం మొదలెట్టాయి. కానీ ఐకామ్‌ది వొక భాష, కెన్‌వుడ్‌ది వొక భాష. వొక కోడలితో మాట్లాడినట్టు ఇంకో కోడలితో మాట్లాడితే కుదరదు! 2000 సంవత్సరంలో కొందరు ఔత్సాహికులు కలిసి హామ్‌లిబ్ అనే ప్రోగ్రాముల పొత్తం మొదలుపెట్టారు. మనం రాసేది వొకే భాష, ఏ పెట్టెకి ఆ పెట్టె భాషలోకి అది మార్చి చెబుతుంది. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు. మా వాడు వాడిన రిగ్‌సీటీఎల్ అందులోని పనిముట్టే. తరవాత 2012లో ఇంకో చిత్రం జరిగింది. కంప్యూటరులో టీవీ చూడ్డానికి అమ్మే బొటనవేలంత పుల్ల రకరకాల రేడియో అలల్ని అంకెలుగా మార్చి ఇవ్వగలదని ఐరోపా కుర్రాళ్ళు కనిపెట్టారు. దానికి చెవే లేదు. దానికి తెలిసింది రాసిన మాట వినడమే.

"అంతా బాగానే వుంది గాని, ఈ గరగరేమిట్రా?" అన్నాను.

"నీ వంటింటి లైటు పిన్నీ" అన్నాడు. నిజమే! ఎల్.ఇ.డి. బల్బులు, ఫోను చార్జర్లు, ఇన్వర్టర్లు, అన్నీ షార్టువేవు మీద మట్టి చల్లేవే. పట్నంలో అయిదో అంతస్తు గదిలో రేడియో వినాలంటే ఇల్లంతా చీకటి చేసుకోవాలి. అందుకే నెదర్లాండ్సులో ట్వెంటే విశ్వవిద్యాలయంవారు 2008లో వొక రిసీవరుని ఇంటర్నెట్టుకి తగిలించి, ఎవరైనా తిప్పుకోండని వదిలేశారు. వొకేసారి వందలమంది, ఎవరి స్టేషను వారు వినవచ్చు. కివి అనే పేరున్న చిన్న రిసీవర్లు ఇప్పుడు దేశదేశాల్లో వున్నాయి. నాంపల్లిలో కూర్చుని వొక లైను రాస్తే, గోల లేని ఏ పల్లెటూళ్ళోనో వున్న రిసీవరు విని, రికార్డు చేసి పెడుతుంది. మనం వండుకుంటున్నా, నిద్రపోతున్నా సరే.

ఆ మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. వంట తెమలక, చంటిపిల్ల నిద్రపోక, చుట్టాలు కదలక అమ్మమ్మ ఎన్ని మధ్యాహ్నాలు సిలోనుని పోగొట్టుకుందో!

సంచీలోంచి ఆ అద్దం తీసి మా వాడికిచ్చాను. వాడు స్కేలు పెట్టి కొలిచి, చుక్క పదకొండున్నరకీ పన్నెండు మెగాహెర్ట్జులకీ మధ్య, 25 మీటర్ల బ్యాండులో వుందని తేల్చాడు. "అద్దం కొలత ఇంతకంటే సరిగ్గా రాదు పిన్నీ. బ్యాండంతా వెదికిద్దాం" అని నాలుగు లైన్లు రాశాడు. 11,600 కిలోహెర్ట్జుల నుంచి 12,100 దాకా, అయిదేసి కిలోహెర్ట్జులకి వొక అడుగు. అడుగడుగుకీ రెండు సెకన్లు ఆగి, ఇక్కడ ధ్వని ఎంత బలంగా వుందో రాసిపెట్టు అని ఆజ్ఞ. నూట ఒక్క అడుగులు. నాలుగు నిమిషాల్లోపు అయిపోయింది. అమ్మమ్మ ఎన్ని రోజులు ఊపిరి బిగబట్టి చేసిన పని!

తెర మీద అంకెల వరస దిగింది. అంకె పెద్దదయిన చోట స్టేషను వున్నట్టు. వొకచోట చైనా మాట. వొకచోట అరబ్బీ అనుకుంటాను, పాట. చాలా చోట్ల ఏమీ లేదు. వొకప్పుడు భుజాలు రాసుకున్న చోట ఇప్పుడు చాపలు పరుచుకుని పడుకునేంత జాగా. ఆ మధ్యాహ్నం సిలోను మాకు దొరకలేదు. మన హైదరాబాదు ఆకాశవాణికీ 4800 కిలోహెర్ట్జుల మీద 50 కిలోవాట్ల షార్టువేవు గొంతు వుండేది. ప్రపంచం నలుమూలల వినేవాళ్ళు దాన్ని పట్టుకుని మురిసి ఉత్తరాలు రాసేవారు. దాని చోటులోనూ ఉత్త హోరే. దేశంలో ఆకాశవాణి షార్టువేవు ట్రాన్స్‌మిటర్లు చాలావరకు మూతపడ్డాయి. బి.బి.సి. హిందీ షార్టువేవు ప్రసారాలు 2020 జనవరి 31తో ఆగిపోయాయి. చెవి మన చేతికొచ్చేసరికి చెప్పేవాళ్ళు తగ్గిపోయారు.

అయితే షార్టువేవుతో ఇక పని లేదనడానికి నోరు రాదు. 1983లో హైదరాబాదులో ఏర్పడిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున 2004 డిసెంబరులో భారతీ ప్రసాద్‌గారి నాయకత్వంలో వొక బృందం అండమానుకి వెళ్ళింది. అక్కణ్ణుంచి ప్రపంచంలోని హామ్ రేడియోవాళ్ళతో సరదాగా మాట్లాడడానికి. 26వ తేదీ ఉదయం భూమి కంపించింది, సునామీ వచ్చింది. టెలిఫోన్లు పోయాయి. సరదాకి తీసుకెళ్ళిన ఆ షార్టువేవు సెట్ల ముందు కూర్చుని ఆవిడా, ఆవిడ తోటివాళ్ళూ మావాళ్ళు బతికున్నారా అని అడిగేవాళ్ళకి జవాబులు అందించారు. తలుపు చాటున నిలబడి మగవాళ్ళ మొహాలు చూసిన రోజునుంచి అక్కడికి యాభై ఆరేళ్ళు. ఎంత దూరం వచ్చామో చూడండి.

అమ్మమ్మ కథకి చివరొకటి వుంది. తాతయ్య రిటైరయ్యాక పగలంతా ఇంట్లోనే వుండేవాడు. ఇక సిలోను లేనట్టే అనుకుని అమ్మమ్మ నోరెత్తలేదట. వారం రోజులు చూసి, వొక మధ్యాహ్నం ఆయనే పడక్కుర్చీలోంచి, "వేళవుతోంది. ఆ చుక్క దగ్గర పెట్టుకోరాదూ?" అన్నాట్ట. అన్నేళ్ళూ ఆయనకి తెలుసు! తెలిసీ ఎందుకు చెప్పలేదంటే, "మరి నువ్వూ అడగలేదుగా" అన్నాట్ట. అడగలేనిది అమ్మమ్మా, ఇవ్వలేనిది తాతయ్యా. మధ్యలో పాతికేళ్ళు దాక్కుని విన్న పాటలు.

మా వాడు ఆ నాలుగు లైన్లనీ వొక ఫైల్లో దాచాడు. రోజూ మధ్యాహ్నం దానంతటదే ఆ అరంగుళం జాగా వెదికి, ఏదైనా పలికితే రికార్డు చేసి పెట్టేలాగ.

"ఫైలుకి పేరేం పెట్టమంటావు పిన్నీ?"

"చుక్క అని పెట్టరా" అన్నాను.

పాత లైసెన్సు పుస్తకాన్ని మళ్ళీ వంటల పుస్తకంలోనే, ఆవకాయకీ మాగాయకీ మధ్యే పెట్టేశాను. పైన పెద్దమనిషి పేరే వుంది. కానీ దాన్ని అంత భద్రంగా వంటల పుస్తకంలో దాచిందెవరో నాకు తెలుసు. మీకూ తెలుసు.